పెళ్ళాం దొర

ఆమదాలవలస స్టేషనెదురుగా జిరాక్సు కొట్లో
పేజీకి రెండ్రూపాయల చొప్పున తీయించాను
నూటపదకొండు పేజీలు.
ఆంబ్రోస్ పెల్హామ్ అనే గుడ్డల వర్తకుడు
మా పొందూరు గురించి
తన ఇంటికి రాసుకున్న ఉత్తరాలు.

నాకొచ్చిన ఇంగ్లీషు బడిలో పిల్లలకు చెప్పే మేరకే.
అతని చేతిరాతేమో
వానకు చెదిరిన చీమలబారు.

మొదటి ఉత్తరంలోనే ఊరి పేరు విరిచేశాడు.
శ్రీకాకుళం నోరు తిరగక చికాకోల్ అన్నాడు.
చికాకు ఎవరికో తర్వాత తెలిసొచ్చింది.
బూట్లు చేత్తో పట్టుకుని నాగావళి దాటి
"ఈ దేశంలో నదులు మోకాలి లోతు" అని రాశాడు.
అది వైశాఖం.
శ్రావణంలో రాసిన ఉత్తరం సగమే చదవొస్తుంది.
మిగతాది సిరా కరిగిన నీలిమరక.

"ఇక్కడి జనం కారణం లేకుండా నవ్వుతారు.
నా పేరు చెప్పగానే
ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకుంటారు,
మగవాళ్ళు లేని దగ్గు తెచ్చుకుంటారు.
బహుశా ఎండ వల్ల."

ఎండ వల్లా!
అయ్యా పెల్హామూ,
దుబాసీ కోరాడ జగ్గప్ప చెప్పి ఉండాల్సింది నీకు.
ప్రతి మాటకీ కూలి పుచ్చుకున్నవాడు
ఆ ఒక్క మాటా తర్జుమా చెయ్యలేదు.
మా ఇంట్లో ఏడు తరాలుగా నువ్వు
పెళ్ళాం దొరవే.
పెళ్ళాం దొరొచ్చినాడు, మంచం ఎయ్యండ్రా.
పెళ్ళాం దొరకి మజ్జిగ కావాలంట.
ఎవులికి పెళ్ళామే అని ఓ ముసలాయన అడిగితే
కుంపినీకి, అన్నదట మా బంగారి.

బంగారి మా తాతమ్మకు తాతమ్మ.
ఉత్తరాల్లో ఆమెకు పేరు లేదు.
డెబ్బై మూడో పేజీలో ఒక వాక్యం మాత్రం ఉంది.
"ఒక ముసలిది చేప దవడతో దూది దువ్వుతోంది."
ముసలిది!
అప్పటికి ఆమెకు ముప్పై రెండేళ్ళు.

వాలుగ చేప దవడ.
పసిదాని జుట్టు చిక్కు తీసినంత మెత్తగా
గింజ మీది నూగును సరిచేస్తుంది.
మా అమ్మ దగ్గర ఉంది ఇంకోటి, పళ్ళు అరిగినది.
కళ్ళతో చూసి, చేత్తో తడిమి,
ఒక్క ముక్క కల్పన లేకుండా రాశాడు పాపం.
లండన్ నుంచి అతని అన్న ఇచ్చిన జవాబూ ఉంది.
"తమ్ముడా, జ్వరం తగ్గాక మళ్ళీ రాయి."

మా సోమరితనం గురించి రాసినవి నమ్మారు.
మా దేవుళ్ళ గురించి రాసినవి నమ్మారు.
దవడ దగ్గరే ఆగిపోయారు.

తొంభయ్యో పేజీలో ఫిర్యాదు.
వీళ్ళ వాడుకలో కృతజ్ఞత చెప్పే మాటే లేదట.
నిజమే, నీళ్ళు పోసినవాళ్ళకు మేం
నీ కడుపు చల్లగుండ అంటాం.
అతనికి అది ఆశీర్వాదంలా వినబడలేదు,
వైద్యంలా వినబడి ఉంటుంది.
బంగారికీ ఒక ఫిర్యాదుంది.
అది కాగితం మీద లేదు, మా అమ్మ నోట ఉంది.
"ఆ దొరకి ఎల్లొత్తాననడం తెల్దు.
ఎల్తాను అంటాడు, ఎల్లిపోతాడు.
ఆ మాటేటి, ఆ ఎల్డమేటి?"

చివరి ఉత్తరం కళింగపట్నం నుంచి.
ఓడ కోసం పదిహేడు రోజులుగా చూస్తున్నాడు.
నూట నలభై తానులు మూటగట్టి ఉన్నాయి.
చలిజ్వరం. ఒక తాను విప్పి కప్పుకున్నానని,
దాని ఖరీదు తన ఖాతాలో రాసుకోమని.
తర్వాతి పేజీ ఖాళీ.
జిరాక్సువాడు దానిక్కూడా రెండ్రూపాయలు తీసుకున్నాడు.

మొన్న ఆదివారం బస్సెక్కి వెళ్ళాను.
దీపస్తంభానికి ఇవతల, సరుగుడు చెట్లలో,
ఇసుక సగం మింగిన రాయి.
మీద ఒకామె కవ్వళ్ళు ఎండబెడుతోంది.
అక్షరాలు కనబడాలని కాస్త పక్కకు జరిపింది.
కూర్చున్నాను. ఏం చెయ్యాలో తోచలేదు.
లేచేటప్పుడు అతని బదులు నేనే అన్నాను,
ఎల్లొత్తాను.

ఎవులమ్మా ఈయన, మీకేటౌతాడు, అంది.
రాయి మీద వేలు పెట్టి
పేరు కూడబలుక్కుంటూ చదివాను.

చేపల చేత్తోనే
కొంగు నోట్లో కుక్కుకుంది.